బావి తవ్వండి, నిప్పు దాచకండి

2025 జనవరి 24 ఉదయం ఐర్లండ్ దేశమంతా తలుపులు బిగించుకుని కూర్చుంది. ఏయోవిన్ తుఫాను వస్తోందని అన్ని కౌంటీలకూ రెడ్ వార్నింగ్ ఇచ్చారు. బస్సులు లేవు, ట్రాములు లేవు, బడులు లేవు. గాల్వే కౌంటీ తీరాన మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 183 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1945 నుంచి నిలిచి ఉన్న 182 కిలోమీటర్ల రికార్డు ఆ ఉదయం చెరిగిపోయింది. 7,68,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. పడమటి, వాయవ్య కౌంటీల మీద పడిన దెబ్బ మరీ గట్టిది. బయటి దేశాల నుంచి కూడా లైన్‌మెన్ వచ్చి రాత్రింబవళ్లు పనిచేశారు. అయినా కొన్ని పల్లె ఇళ్లలో దీపం వెలగడానికి రెండు వారాలకు పైగా పట్టింది.

మేముండే చెర్రీవుడ్ డబ్లిన్‌కు దక్షిణాన, లువాస్ ట్రాము గ్రీన్ లైన్ చివరి స్టాపుకు ఒక్క స్టాపు ముందు ఉంటుంది. కొత్తగా లేచిన ఊరు. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే, వాటి కింద కార్ పార్కింగులే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే స్థిరపడ్డాయి. పడమటి కౌంటీలతో పోలిస్తే డబ్లిన్ వైపు నష్టం తక్కువే. కానీ భయం మాత్రం అందరికీ సమానంగా తగిలింది. ఆ వారం నుంచి మన ఇళ్లలో ఒక మాట పాతుకుపోయింది. పుట్టినరోజు పార్టీలో వినిపిస్తుంది, గుడి దగ్గర వినిపిస్తుంది, పిల్లల్ని ఆడించే పార్కులో వినిపిస్తుంది. ‘ఒక చిన్న జనరేటర్ కొనుక్కుని, రెండు క్యాన్ల పెట్రోలు ఇంట్లో పడేసుకుంటే నిశ్చింత.’ చెప్పేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు. వినేవాళ్లు తలూపుతున్నారు. కొందరు కొనేశారు కూడా.

ఈ మాట తప్పు. ప్రాణాల మీదకు తెచ్చే తప్పు. అందుకే దీన్ని ఒక్కో వాదంగా విడదీసి ఖండించాలనుకుంటున్నాను.

ముందు నేను చూసింది చెప్పాలి. తుఫాను వెళ్లిన రెండు నెలలకు మా పక్క బ్లాకులో ఒక తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్లాను. రాజమండ్రి వైపు కుర్రాడు, బిడ్డకు అప్పటికి అయిదో నెల. భోజనాలయ్యాక నడవలో ఉన్న అల్మారా తలుపు తీసి చూపించాడు. పైన ఫ్యూజ్ బోర్డు. దాని కింద పది కిలోల సోనా మసూరి బియ్యం సంచి, మడిచిపెట్టిన స్ట్రోలర్, డైపర్ల పెట్టె. వాటి మధ్య పది లీటర్ల ఆకుపచ్చ ప్లాస్టిక్ క్యాను. దాని పక్కలు రెండూ బయటికి ఉబ్బి ఉన్నాయి. ‘నిండుగా ఉందన్నయ్యా’ అంటూ చూపించడానికి మూత ఒక్క చుట్టు తిప్పాడు. ఉస్సుమని శబ్దం వచ్చింది. వెంటనే నడవంతా పెట్రోలు వాసన. వంటింట్లో ఆ అమ్మాయి చేస్తున్న పని ఆపి తొంగిచూసింది. అతను గబగబా మూత బిగించి, ‘ఇల్లు కాలాక బావి తవ్వేకన్నా ముందే తవ్వుకోవడం మంచిది కదన్నయ్యా. చంటిబిడ్డను పెట్టుకుని చలిలో చీకట్లో ఎలా ఉంటాం?’ అన్నాడు.

అతని భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చంటిబిడ్డ తండ్రికి ఆ భయం ఉండాలి కూడా. అతను చెప్పిన సామెత కూడా సరైనదే. బావి ముందే తవ్వుకోవాలి. కానీ బావిలో ఊరవలసింది నీళ్లు. ఆ అల్మారాలో ఉన్నది ఇల్లు కాలినప్పుడు ఆర్పేది కాదు, ఇంటిని కాల్చేదే. ఆ రోజు విందుకు పిలిచిన ఇంట్లో ఏం మాట్లాడతామని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు. అప్పుడు చెప్పవలసినదంతా ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి వాదం: ‘మూత గట్టిగా బిగిస్తే ఏమీ కాదు.’ పెట్రోలు గురించి మనకున్న పెద్ద అపోహ ఇదే. మనం దాన్ని ద్రవంగా చూస్తాం. కానీ మండేది దాని ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి లేస్తుంది. చెర్రీవుడ్‌లో ఎంత చలి పడ్డా ఆ దరిదాపులకు పోదు. ఇక హీటింగ్ వేసుకున్న ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. క్యాను పక్కలు ఉబ్బడం, మూత తిప్పగానే ఉస్సుమనడం ఆ ఆవిరి లోపల తోసుకుంటోందనడానికి గుర్తు. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోయి కిటికీలోంచి వెళ్లిపోదు. నేల మీద నీళ్లలా పాకుతుంది. తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి వెళుతుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర వంతు కలిస్తే చాలు, ఆ గాలి మొత్తం మండుతుంది. ఒక్క లీటరు పూర్తిగా ఆవిరైతే పది ఘనమీటర్లకు పైగా గాలిని అలా మార్చగలదు. అంటే ఒక చిన్న పడకగదిలో సగం. దాన్ని అంటించడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయ్యేటప్పుడు పుట్టే చిన్న మెరుపు చాలు, లైటు స్విచ్ చాలు. ఆ తమ్ముడి ఇంట్లో క్యాను సరిగ్గా ఫ్యూజ్ బోర్డు కింద ఉంది.

ఆవిరి ఎలా పాకుతుందో మన గోదావరి జిల్లాలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను లీకైంది. తెల్లటి పొగలా ఊరి మీద పరుచుకుంది. అది ఏమిటో ఎవరికీ తెలియలేదు. రోజూ లాగే టీ కొట్టులో పొయ్యి వెలిగించారని, అంతటితో ఊరే అంటుకుందని అప్పుడు పత్రికల్లో అందరం చదివాం. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. అది పైపులైను, ఇది పది లీటర్ల క్యాను, రెండూ ఒకటి కావని నాకూ తెలుసు. పరిమాణం వేరు. కానీ కంటికి కనబడని ఇంధనం ఉన్న చోట రోజూ చేసే పనే ఆఖరి పని అవుతుందన్న పాఠం రెండింటికీ ఒకటే.

పరిమాణం తక్కువ కదా అన్నవాళ్లకు ఇంకో మాట. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే బస్సు కింద ఒక మోటార్ సైకిల్ ఇరుక్కుంది. దాని ట్యాంకులోంచి కారిన పెట్రోలు అంటుకుంది. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. ఒక మోటార్ సైకిల్ ట్యాంకులో ఎంత పడుతుంది? పది, పన్నెండు, మహా అయితే పదిహేను లీటర్లు. మన అల్మారాలో ఉన్న క్యానూ అంతే.

రెండో వాదం: ‘మన ఇళ్లలో కిరోసిన్ ఎప్పుడూ ఉండేది కదా? ఇక్కడి ఐరిష్ వాళ్ల పెరట్లో వెయ్యి లీటర్ల హీటింగ్ ఆయిల్ ట్యాంకు ఉంటుంది కదా?’ ఇది జ్ఞాపకం మీద నిలబడిన వాదం కాబట్టి మనసుకు తొందరగా ఎక్కుతుంది. రేషన్ షాపు క్యూలో నిలబడి తెచ్చిన కిరోసిన్ డబ్బా, గూట్లో హరికేన్ లాంతరు, కరెంటు పోగానే అమ్మ చిమ్నీ తుడిచి వెలిగించడం మా తరానికి బాగా గుర్తు. ఆ డబ్బా పక్కనే మనం పడుకుని నిద్రపోయాం. అందుకే పెట్రోలు కూడా అలాంటిదే అనిపిస్తుంది. కానీ కిరోసిన్ వేడెక్కి 35, 40 డిగ్రీల దగ్గరికి వస్తే గానీ అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కిందే ఇస్తుంది. రెండింటి మధ్య దాదాపు 80 డిగ్రీల దూరం ఉంది. పెరట్లో ఉన్న ఆయిల్ ట్యాంకులో ఉండేది కూడా కిరోసినే. అది ఇంటి బయట, గోడకూ సరిహద్దుకూ ఇంత దూరమని లెక్క చూసి పెట్టిన ట్యాంకు. దాన్ని చూపించి అల్మారాలో పెట్రోలును సమర్థించడం పిల్లిని చూపించి పులిని పెంచుకోవడం లాంటిది.

ఇదే వాదానికి చెల్లెలు ఒకటుంది. ‘కారు ట్యాంకులో 45 లీటర్లు మోసుకు తిరుగుతున్నాం, దానికి లేని భయం దీనికెందుకు?’ కారు ట్యాంకును ఇంజనీర్లు ఏళ్ల తరబడి కుస్తీపట్టి తయారుచేశారు. అందులోంచి లేచే ఆవిరిని పీల్చుకోవడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి వేరుగా ఉంటుంది. గుద్దుకున్నా తొందరగా చిట్లని చోట ట్యాంకును అమర్చారు. ముఖ్యంగా, ఆ ట్యాంకు మన బియ్యం సంచి పక్కన ఉండదు. అందులోంచి మనం జగ్గుతో ముంచి మరో గిన్నెలో పోయం. ప్రమాదం ఎక్కువగా నిల్వలో కన్నా ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి వంచే క్షణంలో ఉంది.

దీనికి సాక్ష్యం ఐరిష్ సముద్రం దాటితే కనబడుతుంది. 2012 మార్చిలో బ్రిటన్‌లో పెట్రోల్ ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మె చేస్తారన్న వార్త వచ్చింది. అప్పటి మంత్రి ఫ్రాన్సిస్ మాడ్ జనం గ్యారేజీలో ఒక క్యాను పెట్రోలు ఉంచుకోవడం మంచిదన్నట్టు మాట్లాడారు. అగ్నిమాపక సిబ్బంది సంఘం అప్పటికప్పుడే ఆ సలహాను తప్పుపట్టింది. ఆ మాట వచ్చిన కొద్ది రోజుల్లోనే యార్క్ నగరంలో ఒక తల్లి, కూతురి కారుకు పెట్రోలు అవసరమై, వంటింట్లో క్యానులోంచి జగ్గులోకి పోయడం మొదలుపెట్టింది. పక్కన గ్యాస్ పొయ్యి వెలుగుతోంది. ఆవిరి అంటుకుని ఆమె శరీరం నూటికి నలభై వంతులు కాలింది. ఆ సమ్మె జరగనే లేదు. రాని కష్టం కోసం చేసిన ఏర్పాటు ఒక ఇంటికి నిజమైన కష్టం తెచ్చిపెట్టింది. మంత్రి మాటకే ఆ గతి పట్టింది. పార్టీలో ఎవరో అన్న మాటను నమ్మి మనం ఇంట్లో పెట్రోలు పెట్టుకోవడం ఎంత సబబు?

భయం కొరతను ఎలా పుట్టిస్తుందో మన హైదరాబాద్ కూడా చూసింది. 2024 జనవరి 2న లారీ డ్రైవర్ల సమ్మె వార్తతో ఊరంతా పెట్రోల్ బంకుల మీద పడింది. కిలోమీటర్ల క్యూలు, ట్రాఫిక్ స్తంభన. ఆ రాత్రికే సమ్మె ఆగింది. ఆ రోజు బంకులు ఖాళీ కావడంలో సమ్మె పాత్ర ఎంతో, ఎందుకైనా మంచిదని అందరూ ఒకేసారి నింపుకోవడం పాత్ర అంతే. రేపు తుఫాను వార్త రాగానే చెర్రీవుడ్‌లో ఇంటికి రెండు క్యాన్లు నింపుకుంటే, నిజంగా అవసరమున్న అంబులెన్సుకూ నర్సు కారుకూ దొరకవలసిన పెట్రోలు మన అల్మారాల్లో ఆవిరి కక్కుతూ కూర్చుంటుంది.

మూడో వాదం: ‘చట్టమే ఒప్పుకుంటోంది.’ ఇండియాలో సొంత వాడకానికి 30 లీటర్ల దాకా పెట్రోలుకు లైసెన్సు అక్కర్లేదని, బ్రిటన్‌లోనూ 30 లీటర్ల దాకా ఎవరికీ చెప్పనక్కర్లేదని లెక్కలు చెబుతారు. అవి నిజమే. కానీ సగం చదివి ఆపేస్తే ఎలా? మన 1934 పెట్రోలియం చట్టం ఆ 30 లీటర్ల మాట చెప్పిన చోటే పాత్ర గురించీ చెప్పింది. మూత గట్టిగా బిగించి ఉండాలి, లోహపు పాత్ర అయితే 25 లీటర్లకు మించకూడదు. గాజు సీసా అయితే ఒక లీటరు దాటకూడదు. బ్రిటన్ నిబంధనల్లో ప్లాస్టిక్ క్యాను 10 లీటర్లు, లోహపుదైతే 20 లీటర్లు మించరాదు. నివసించే గదులకు దూరంగా షెడ్డులోనో గ్యారేజీలోనో ఉంచమని అక్కడి భద్రతా అధికారుల సలహా. చెర్రీవుడ్ అపార్ట్‌మెంటులో షెడ్డు ఎక్కడుంది? విడిగా గ్యారేజీ ఎక్కడుంది? మూడో అంతస్తులో ఉన్నవాడు ‘నివసించే గదులకు దూరం’ అనే చోటు ఎక్కడ వెతుక్కుంటాడు? పైగా చట్టం ‘ఇంతకు మించితే నేరం’ అని గీత గీస్తుంది. ఆ గీతకు లోపల ఉన్నదంతా క్షేమమని ఏ చట్టమూ హామీ ఇవ్వదు. మీ అద్దె ఒప్పందం, అపార్ట్‌మెంటు నియమాలు ఒకసారి తీసి చదవండి. మండే పదార్థాల నిల్వ గురించి వాటిలో ఏముందో చూడండి. ఇంటి బీమా కాగితం కూడా చదవండి.

నాలుగో వాదం అన్నిటికన్నా బలమైనది: ‘వారం పాటు కరెంటు రాకపోతే ఏం చేయాలి?’ ఇక్కడ లెక్క వేద్దాం. చిన్న జనరేటర్‌ను తక్కువ లోడ్ మీద నడిపితే గంటకు అరలీటరు తాగుతుంది. హీటరు, కెటిలు లాంటివి తగిలిస్తే లీటరు, అంతకన్నా ఎక్కువ. రెండు క్యాన్లు అంటే 20 లీటర్లు. లైట్లూ ఫోన్లతో సరిపెట్టుకుంటే 40 గంటలు. ఇల్లు వెచ్చబెట్టుకోవాలంటే ఒక్క రోజుకు కూడా చాలదు. వారానికి సరిపడా దాచాలంటే 80, 100 లీటర్లు ఇంట్లో పెట్టుకోవాలి. అంత నిల్వ ఆ 30 లీటర్ల గీతకు ఎంతో పైన, ఏ బుద్ధిమంతుడూ చేయడు. అంటే 20 లీటర్లు ఇచ్చేది వారం నిశ్చింత కాదు, ఒకటిన్నర రోజు వెలుగు. ఆ ఒకటిన్నర రోజు కోసం ఏడాది పొడవునా నిప్పుతో కాపురం చేస్తున్నాం.

అదీ ఆ పెట్రోలు పనిచేస్తే. పెట్రోలు ఊరగాయ కాదు, దాచినకొద్దీ పాకానికి రాదు. 2023 నుంచి ఐర్లండ్ బంకుల్లో అమ్మే మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. కొన్ని నెలలకు పెట్రోలు చెడిపోతుంది. కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. మార్చిలో నింపిన క్యాను డిసెంబరు తుఫాను రాత్రి పనికొస్తుందన్న నమ్మకం లేదు. పనికి రావాలంటే మూణ్నెల్లకొకసారి పాతది తీసి కొత్తది పోయాలి. అంటే ఏడాదికి నాలుగుసార్లు ఆ వంచే క్షణాన్ని ఇంట్లోకి ఆహ్వానించాలి.

ఇక జనరేటర్ సంగతి. దాన్ని ఎక్కడ పెడతారు? ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టాలన్నది అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చెప్పే మాట. అక్కడ ఏటా దాదాపు 100 మంది పోర్టబుల్ జనరేటర్ల పొగలోని కార్బన్ మోనాక్సైడుకు బలవుతున్నారని కూడా ఆ కమిషనే చెబుతోంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత. పడుకున్నవాళ్లు లేవరు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకు 45 లక్షల ఇళ్లకు పైగా కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం జనరేటర్లు, గ్యారేజీలో కార్లు, బొగ్గు కుంపట్లు వెలిగించుకుని వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ రాష్ట్రమది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో చుట్టాలున్నవాళ్లు ఆ వారం గురించి అడిగి తెలుసుకోండి. చెర్రీవుడ్ అపార్ట్‌మెంటులో ఆరు మీటర్ల దూరం లేదు. బాల్కనీ ఉంది. బాల్కనీలో పెడితే పొగ మన తలుపులోంచీ వస్తుంది, పై ఇంటి కిటికీలోకీ పోతుంది. కింద పార్కింగులో పెడితే అది మూసిన పెట్టె. పైగా అంతా కరెంటు మీదే నడిచే కొత్త ఇళ్లలో కార్బన్ మోనాక్సైడు అలారం ఉండకపోవచ్చు. అవసరం లేదని పెట్టి ఉండరు. జనరేటర్‌ను గోడ ప్లగ్గులోకి గుచ్చేవాళ్లు ఇంకో పాపం మూటగట్టుకుంటున్నారు. ఆ కరెంటు ఇంట్లోంచి వెనక్కి తీగల్లోకి పోయి, మన కోసం వానలో పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

ఇప్పటిదాకా మన ప్రాణాల గురించే మాట్లాడాను. అసలు నా మనసులో ఉన్న మాట ఇది. అపార్ట్‌మెంటులో పెట్రోలు దాచినవాడు తన ఒక్కడి ప్రాణంతో పందెం కాయడం లేదు. పైన ఉన్నవాళ్లను, పక్కన ఉన్నవాళ్లను అడగకుండా వాళ్ల ప్రాణాలు కూడా పందెంలో పెడుతున్నాడు. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉన్నాయి. అవి అంటుకున్నాయి. మంట కింద, పొగ పైన. పై అంతస్తుల్లో నివసించే కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ డ్రమ్ములు వాళ్లు పెట్టినవి కావు. వాళ్లను ఎవరూ అడగలేదు. మెట్ల దారే పొగ గొట్టం అయితే పై ఇంటివాళ్లు ఎటు పోతారు? ఆ తమ్ముడి అల్మారా కూడా నడవలో, బయటికి పోయే తలుపుకు రెండడుగుల దూరంలో ఉంది. అక్కడ మంట లేస్తే బిడ్డను ఎత్తుకుని పారిపోవడానికి దారి ఆ మంటలోంచే. మన భయం తీరడానికి పక్కవాళ్లను ప్రమాదంలో పెట్టే హక్కు మనకు లేదు. ఈ దేశంలో మనం పొరుగువాళ్లం. ఆ పైన ఉండే పోలిష్ కుటుంబానికీ, పక్కనే ఉండే ఐరిష్ ముసలావిడకూ మనం మొదట బాకీపడింది అదే.

అయితే జనరేటర్ ఎక్కడా ఉండకూడదా? ఉండాలి. పడమటి కౌంటీ రాస్‌కామన్‌లో పొలం మధ్య ఒంటరి ఇల్లు, సొంత బావి మోటారు మీదే నీళ్లు, పాలు పితికే యంత్రాలు ఉన్న రైతుకు అది పనిముట్టు. అతనికి ఇంటికి దూరంగా గాలి ఆడే షెడ్డు ఉంది. రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ బిగించిన మార్పు స్విచ్ ఉంది. ట్రాక్టరుతో నడిచే జనరేటరైతే కావలసింది డీజిలు. అది పెట్రోలు అంత తొందరగా అంటుకోదు. అతని అవసరం, అతని చోటు, అతని అలవాటు వేరు. అతణ్ణి చూసి మూడో అంతస్తులో మనం వాత పెట్టుకోకూడదు. పడమటి కౌంటీలలో తీగలు స్తంభాల మీద చెట్ల పక్కనుంచి పోతాయి, చెట్టు పడితే తెగుతాయి. చెర్రీవుడ్ లాంటి కొత్త పేటల్లో తీగలు చాలావరకు నేల కిందే. మనకు కరెంటు పోదని అనను. పోయినా వాళ్లకు పోయినన్ని రోజులు పోయే అవకాశం తక్కువ.

మరి బావి ఎలా తవ్వాలి? చీకటి రోజుల్లో మనకు నిజంగా కావలసినవి నాలుగు: ఫోను, వెలుగు, వెచ్చదనం, మందులు. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ పెట్రోలు అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక ఫోనును మూడు నాలుగుసార్లు నింపుతుంది. రెండు కొనండి, తుఫాను వార్త రాగానే నింపి పెట్టండి. ఇంకా కావాలంటే 500 వాట్-అవర్ల బ్యాటరీ పెట్టె ఇంటర్నెట్ రూటరును ఒక రోజుకు పైగా నడుపుతుంది. దానికి పొగ లేదు, ఆవిరి లేదు. మంచి రకం కొనండి, బయటికి పోయే దారిలో పెట్టి ఛార్జ్ చేయకండి. తలకు పెట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి. కొవ్వొత్తులు వద్దు. తుఫాను ముందు రోజు రాత్రి ఫ్లాస్కుల నిండా వేడినీళ్లు పోసి పెడితే మర్నాడు బిడ్డ పాల సీసా వెచ్చబెట్టడానికీ పెద్దవాళ్ల కాఫీకీ సరిపోతాయి. ఉన్నవాళ్లంతా ఒకే గదిలో పడుకుంటే ఆ గది అంత తొందరగా చల్లబడదు. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరైతే 48 గంటలు చల్లదనం నిలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇన్సులిన్ ఉంటే, వాడుతున్న సీసా మామూలు గది చల్లదనంలో సుమారు నాలుగు వారాలు పాడవదు. ఇంట్లో ఎవరైనా కరెంటుతో నడిచే వైద్య పరికరం మీద ఆధారపడి ఉంటే, మీ కరెంటు కంపెనీ దగ్గర ప్రాధాన్య వినియోగదారుగా ఇవాళే పేరు రాయించండి. అది ఫోను చేసినంత పని.

అన్నిటికన్నా లోతైన బావి మనుషులు. ఏయోవిన్ తర్వాత పడమటి ఊళ్లలో కమ్యూనిటీ హాళ్లు, ఆటల క్లబ్బులు తలుపులు తెరిచాయి. వేడినీళ్ల స్నానం, ఫోను ఛార్జింగు, వేడి భోజనం. ఎవరింట్లో కరెంటు ఉంటే వాళ్లింటికి అందరూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను చీల్చినప్పుడు కూడా ఇదే చూశాం. రోజుల తరబడి కరెంటు లేదు, పెట్రోలుకు బంకుల దగ్గర బారులు. ఆ వారం ఊరిని నిలబెట్టింది ఎవరింట్లోనో దాచిన క్యాను కాదు. బావి ఉన్నవాడు వీధంతటికీ నీళ్లు తోడి పోశాడు, పొయ్యి ఉన్న ఇల్లు పది మందికి వండి పెట్టింది. చెర్రీవుడ్‌లో తెలుగు కుటుంబాలు ఇన్ని ఉండి, ఎవరింట్లో కరెంటు ఉంటే అక్కడికి అందరం చేరదామని ముందే ఒక మాట అనుకోలేమా? చంటిపిల్లలున్న ఇళ్లు ఏవి, ఒంటరి పెద్దవాళ్లున్న ఇళ్లు ఏవి అని ఒక కాగితం మీద రాసుకోలేమా? ఒక క్యాను పెట్రోలు కన్నా ఆ కాగితం ఎక్కువ కుటుంబాలను కాపాడుతుంది.

ఇప్పటికే ఇంట్లో క్యాను ఉన్నవాళ్లకు నా విన్నపం. ఇవాళే బయటికి తీయండి. పెట్రోలు తాజాదైతే, మీ కారు పెట్రోలుదైతే, ఆరుబయట ఇంజను ఆపి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని కారు ట్యాంకులో పోసేయండి. పాతదైతే కౌన్సిల్ వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన చోట అప్పగించండి. సింకులో, టాయిలెట్లో, వీధి కాలువలో పోయవద్దు. ఆ ఆవిరి డ్రైనేజీ గొట్టాల్లోంచి ఎవరింట్లోకో పాకుతుంది.

తమ్ముడూ, ఆ రోజు నీ ఇంట్లో చెప్పలేకపోయిన మాట ఇదే. నీ బిడ్డను చలి నుంచి కాపాడడానికి ఒక దుప్పటి, ఒక ఫ్లాస్కు, పక్కింటి తలుపు చాలు. మంట నుంచి కాపాడడానికి మాత్రం ఆ అల్మారా ఖాళీగా ఉండాలి. క్యాను ఉన్న చోట ఒక టార్చి, ఒక పవర్ బ్యాంకు పెట్టు. తుఫాను రాత్రి కరెంటు పోతే మా ఇంటికి వచ్చేయండి. మా ఇంట్లోనూ పోతే అందరం కలిసి మీ ఇంటికి వస్తాం.